గున్నకు కొత్త సంచి

ఫహాహీల్,
నవంబరు 14, శుక్రవారం.

చిరంజీవి ప్రజ్ఞకు నాన్న ఆశీస్సులు. ఫణికి, సహస్రకు కూడా.

ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. బీపీ అదుపులో ఉంది, మోకాలు మామూలే. మీరు ముగ్గురూ బాగున్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. పాపకు ఆయాసం తగ్గిందని రాసిన వాక్యం రెండుసార్లు చదివాను.

ఫోన్లో నేను పది మాటలు దాటనని, అందుకని ఉత్తరాలే రాయమని నువ్వు పెట్టిన షరతు మంచిదే. కాగితం నా ముఖంలోకి చూడదు. కాస్త ఎక్కువ రాయగలుగుతున్నాను. ఈ ఉత్తరం మా ఆఫీసు శరత్ చేత పంపుతున్నాను. రేపు సెలవు మీద కర్నూలు వస్తున్నాడు. వాళ్ళ ఇల్లు మీ బ్యాంకుకు దగ్గరేనట. ఖర్జూరాలు, సహస్రకు ఒక స్వెటరు కూడా ఇచ్చాను. అతనికి కాఫీ ఇచ్చి పంపాక ఉత్తరం విప్పు. అతని ఎదురుగా చదవొద్దు.

నీ ప్రశ్నలకు జవాబులు రాస్తాను.

తింటున్నాను. అన్నం, పప్పు, చారు. చారు మీ అమ్మ చారులా ఉండదు. పోనీ నిన్నటి నా చారులా కూడా ఉండదు. రోజుకో రకంగా వస్తుంది. గోంగూర పచ్చడి తెస్తానన్నావు, తీసుకురా. సీసాలో వద్దు, క్రితంసారి సూట్‌కేసులో ఏమైందో నీకు గుర్తుండే ఉంటుంది.

విజిట్ వీసా కాగితాలు ఇచ్చాను. రావడంలో ఇబ్బంది ఉండదన్నారు. డిసెంబరు పన్నెండు టికెట్లు అలాగే ఉంచండి.

పాప పాకుతోంది గనుక హాల్లో కార్పెట్ తీసేయమని ఫణి అన్నాడని రాశావు. దుమ్ము పడదని డాక్టరు గట్టిగా చెప్పాడన్నావు. అతని భయం సబబే. కానీ డిసెంబరులో ఇక్కడి టైల్స్ పాదాలు పెడితేనే జివ్వుమంటాయి. పాప మోకాళ్ళ మీద తిరగాలంటే కార్పెట్ ఉండాలి. కార్పెట్ ఉండాలంటే గున్న పనిచేయాలి.

గున్న పనిచేస్తోందా అని ఇప్పటికి మూడుసార్లు అడిగావు. రెండుసార్లు పనిచేస్తోందని చెప్పాను. నిజం కాదు. గత నెల దాకా దాన్ని నేను ముట్టుకోనే లేదు. చీపురుతో ఊడుస్తూ వచ్చాను.

ఇక ఆసియా బీ సంగతి. ఆమె ఎందుకు మానేసింది, ఎక్కడుంది, మీరు ఇక్కడుండే నెలరోజులూ పాపను చూసుకోవడానికి వస్తుందా అని అడిగావు. అమ్మ జబ్బులో కన్నతల్లిలా చేసిన మనిషి నంబరు కూడా నా దగ్గర లేకపోవడమేమిటని కాస్త కోపంగానే రాశావు. ఆ ప్రశ్నకు జవాబు ఉంది. గున్న సంగతి చెప్పకుండా అది చెప్పడం కుదరదు. అందుకని ముందు గున్న.

గున్న కొన్న ఏడాది నువ్వు డిగ్రీ హాస్టల్లో ఉన్నావు. మీ అమ్మ ఎలా కొన్నదో నీకు పూర్తిగా తెలియదు. ఆ జర్మన్ వాక్యూమ్ క్లీనర్ ధర చూసి నేను నవ్వాను. చక్రాల మీద ఒక డబ్బా, దానికొక గొట్టం, ఇంతేగా అన్నాను. పంపులు, కంప్రెసర్లు చూసుకునే ఇంజనీరును గదా, పీల్చే యంత్రం గురించి నాకు చెప్పేదేముంది అనుకున్నాను. ఆమె వాదించలేదు. ప్రతి గురువారం సాయంత్రం ఫహాహీల్ షోరూముకు తీసుకెళ్ళమంది. మూడో గురువారం అక్కడి ఈజిప్షియన్ సేల్స్‌మన్ ముందే హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, ఇంటినుంచి తెచ్చిన పొట్లం విప్పి, వాళ్ళ కార్పెట్ మీద గుప్పెడు బియ్యప్పిండి చల్లింది. అతను "మదామ్! మదామ్!" అని చేతులెత్తేశాడు. "అన్నీ వరసగా నడిపించు, చూద్దాం" అంది. ఐదు మెషీన్లు నడిపించాడు. నాలుగు వెళ్ళిన చోట తెల్లటి చార మిగిలింది. ఐదోది వెళ్ళిన చోట మిగలలేదు. అదే గున్న.

ఆ పేరు కూడా ఆమె పెట్టిందే. తొండంలాంటి గొట్టం పట్టుకుని లాగితే వెనకాలే కుదురుగా వచ్చేది, గుమ్మాల దగ్గర మాత్రం మొండికేసేది. ఏనుగుపిల్లే అంది. మంచిగా నడిచేటప్పుడు చప్పుడు కూడా పెద్దగా ఉండదు, పక్కగదిలో రేడియో వినవచ్చు. తీగ దానంతటదే లోపలికి చుట్టుకుంటుంది. సంచి బయటికి తీయగానే దాని మూతి తనే మూసుకుంటుంది, చిటికెడు దుమ్ము బయట పడదు. ఇవన్నీ ఇంజనీరుగా నేను ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది. పైకి ఒప్పుకోలేదనుకో.

మీ అమ్మకు దాంతో కొన్ని పద్ధతులు ఉండేవి. కొత్త సంచి పెట్టిన ప్రతిసారీ దాని అట్టమూతి మీద పెన్నుతో తేదీ రాసేది. మంచాల కింద, బీరువాల వెనక పెట్టేముందు గొట్టం మూతికి తన పాత చున్నీలోంచి చింపిన పల్చటి గుడ్డ కట్టి రబ్బరుబ్యాండు వేసేది. చిన్న వస్తువేదైనా ఉంటే గుడ్డకు అంటుకుని ఆగిపోతుంది, లోపలికి పోదు. ఇంకొకటి, చెవి. గొట్టంలో టక్కుమంటే చాలు, ఠక్కున ఆపేసేది. "ఇది కందిపప్పు", "ఇది నీ చొక్కా గుండీ" అని చెప్పి మరీ తీసేది. ఆసియా బీకి కూడా నేర్పింది. ఇద్దరూ పందెం వేసుకునేవాళ్ళు. "ఇది జీలకర్రమ్మా", "కాదు బీ, సోంపు". నేను పేపరు చదువుకుంటూ వినేవాణ్ణి. వినేవాణ్ణే గాని ఏమీ నేర్చుకోలేదు.

కీమో మొదలైన రెండో నెలలో ఆమె జుట్టు రాలడం మొదలైంది. నాకు చెప్పలేదు. నేను ఆఫీసుకు వెళ్ళగానే దిండు, దుప్పటి, నేల అన్నీ గున్నతో పీల్చేసేది. నిలబడే ఓపిక లేకపోతే కుర్చీలో కూర్చుని గొట్టం మాత్రం కదిపేది. సాయంత్రం నేను వచ్చేసరికి ఇంట్లో ఒక్క వెంట్రుక కనిపించేది కాదు. నాకు తెలుసు. ఒకరోజు ఫైలు మర్చిపోయి వెనక్కి వచ్చినప్పుడు తలుపు బయటినుంచే ఆ చప్పుడు విన్నాను. తాళం తీయకుండా కిందికి దిగి, కారులో పావుగంట కూర్చున్నాను. ఫైలు లేకుండానే ఆఫీసుకు వెళ్ళాను.

అందుకని ఆమె పోయాక ఆ సంచిని నేను మార్చలేకపోయాను. అది ఆమె చేత్తో పెట్టిన ఆఖరి సంచి. మూతి మీద ఆమె రాసిన తేదీ, లోపల ఆమె జుట్టు. పారేయలేక, వాడలేక, గున్నను స్టోర్‌రూములో నీ పాత కీబోర్డు పక్కన పెట్టి తలుపు మూశాను.

సహస్రను తీసుకొస్తున్నావని నీ ఉత్తరం వచ్చాక గత నెల బయటికి తీశాను. సంచి మార్చకుండానే నడిపాను. అది నా మూర్ఖత్వం, ఇంకో మాట లేదు. ఎర్ర దీపం వెలిగింది, సంచి నిండిందని దాని అర్థం. అయినా నడిపాను. పది నిమిషాలకు వేడెక్కి ఆగిపోయింది. మళ్ళీ పలకలేదు.

సబ్హాన్‌లో ఇలాంటివి బాగుచేసే వర్క్‌షాపు ఒకటి ఉందని శరత్ చెబితే తీసుకెళ్ళాను. మెకానిక్ పేరు హారూన్. రాయచోటి మనిషి. నా తెలుగు వినగానే కుర్చీ తుడిచి వేశాడు. గున్నను బల్ల మీద పెట్టి ఫిల్టరు చూశాడు, మోటారు చూశాడు, పైన తట్టి చెవి పెట్టాడు.

"దీనికి జబ్బేం లేదు సార్. మోటారు కొత్త పెండ్లికొడుకు మాదిరుండాది. గొంతు దాకా తినేసి ఊపిరాడక పడిపోయింది, అంతే. సంచి ఎప్పుడు మార్చినారు?"

"ఇరవై నెలలు దాటింది."

"యా అల్లా! ఒంటెకైనా మధ్యలో ఒక తూరి మూట దించుతారు కదా సార్!"

అని మూత తీయబోయాడు. నేను మూత మీద చెయ్యి పెట్టాను. సంచి ఇంటి దగ్గర నేనే తీస్తానన్నాను.

"ఏముండాది సార్ లోపల, బంగారమా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. అతను నా వైపు ఒకసారి చూసి నవ్వు ఆపాడు.

"మిషన్ అమ్మగారిదా సార్?"

"అవును."

"ఉండారా?"

"లేరు."

అతను లోపలికి వెళ్ళాడు. తడిగుడ్డ తెచ్చి గున్నను అంతా తుడిచాడు, చక్రాల సందులు కూడా. కొత్త సంచుల ప్యాకెట్ ఒకటి నా చేతిలో పెట్టాడు.

"తొందరేం లేదు సార్. కానీ తీయాల. మిషన్ చెడిపోతే అమ్మగారు తిట్టేది నన్ను కాదు, మిమ్మల్నే."

మర్నాడు శనివారం. పొద్దున్నే హాల్లో పేపర్లు పరిచి, మాస్కు పెట్టుకుని, సంచి బయటికి తీశాను. అట్టమూతి మీద "జనవరి 9" అని ఉంది. నీకు తెలుసుగా, ఆమె తొమ్మిది తోక కింద కొక్కెంలా వంచుతుంది. కాసేపు అదే చూశాను. తరవాత కత్తెరతో కోశాను.

లోపల దుమ్మూ జుట్టూ కలిసి మందపాటి బూడిదరంగు కంబళి ముక్కలా తయారైంది. వేళ్ళతో విడదీశాను. జుట్టు వేరుగా రాలేదు. రెండు మాత్రలు దొరికాయి. ఒక బొట్టుబిళ్ళ, నాలుగు ఆవాలు. ఆ పైన, పై పొరలోనే, మీ అమ్మ ముక్కుపుడక దొరికింది. అమ్మమ్మ ఇచ్చిన తెల్లరాయిది. నీకివ్వాలని ఆమె అనుకున్నది. పెద్దకర్మ రోజు విజయవాడలో "అమ్మ ముక్కుపుడక ఏది నాన్నా?" అని నువ్వు అడిగింది.

ప్రజ్ఞా, ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. ఆసియా బీ మానలేదు. నేను మాన్పించాను.

స్కానింగ్‌కు వెళ్ళేముందు నగలు తీసేయమంటే మీ అమ్మ ఆ ముక్కుపుడకను దూదిలో చుట్టి మంచం పక్కన మాత్రల డబ్బాలో పెట్టింది. పెట్టానని నాకు చెప్పింది కూడా. ఆ చివరి రోజు పొద్దున అంబులెన్సు వాళ్ళ హడావుడిలో ఆ డబ్బా కింద పడి, దూది విడి ముక్కుపుడక మంచం కిందికి దొర్లి ఉంటుంది. ఖాళీ డబ్బాను ఎవరో ఎత్తి పెట్టి ఉంటారు. తరవాత ఆస్పత్రి, విజయవాడ, కార్యక్రమాలు. మనం అక్కడున్న పదిహేను రోజులూ ఇక్కడి ఇంటి తాళంచెవి ఆసియా బీ దగ్గరే ఉంది. మొక్కలకు నీళ్ళు పోసింది, పాలప్యాకెట్ పారేసి ఫ్రిజ్ కడిగింది.

నేను తిరిగొచ్చిన మర్నాడు పలకరించడానికి ఆఫీసువాళ్ళు వస్తామన్నారు. గది తుడవాలని నేనే గున్నను తీశాను. గుడ్డ కట్టలేదు. ఎక్కడుందో వెతకనూ లేదు. మంచం కింద పెట్టగానే గొట్టంలో టక్కుమంది. మాత్ర అనుకున్నాను. అప్పటికి ఆ గదిలో ఏది దొర్లినా మాత్రే. ఆపలేదు.

ఆ మర్నాడు ముక్కుపుడక కోసం డబ్బా తెరిస్తే ఖాళీగా ఉంది. ఇల్లంతా వెతికాను. తాళంచెవి ఎవరి దగ్గరుందో తలుచుకున్నాను. ఆదివారం ఆసియా బీ వచ్చింది. నేను ఆమెను ఒక్క ప్రశ్న వేయలేదు. "ఇక రానక్కర్లేదు. తాళంచెవి ఇచ్చి వెళ్ళు" అన్నాను. ఆమె గుమ్మంలోనే నిలబడి నా ముఖం చూసింది. కొంగు ముడి విప్పి తాళంచెవి చెప్పుల స్టాండు మీద పెట్టి వెళ్ళిపోయింది. మీ అమ్మకు నాలుగు నెలలు స్నానం చేయించిన మనిషి.

నువ్వు అడిగినప్పుడు వేరే చోట పని దొరికిందట అని చెప్పాను. ముక్కుపుడక ఆస్పత్రిలో పోయిందని తరవాత ఫోన్లో చెప్పాను. రెండూ అబద్ధాలే. పరువుగా ప్రవర్తించానని, దొంగ అనే మాట నోటివెంట రానివ్వలేదని ఇన్నాళ్ళూ లోలోపల అనుకునేవాణ్ణి. అది కూడా నీకు తెలియాలి.

ముక్కుపుడక కడిగి, పేపర్లు ఎత్తి, హారూన్‌కు ఫోన్ చేశాను. ఆసియా బీ అని, భర్త మహమ్మద్ గౌస్, హౌస్ డ్రైవరు, మీ ఊరివాళ్ళే అన్నాను. "గౌస్ భాయా? వాళ్ళ కఫీల్ జహ్రాలో కొత్త ఇల్లు కట్టినాడు సార్. మొగుడూ పెండ్లాలు ఇద్దరూ ఆడ్నే ఉండారు" అని రెండు నిమిషాల్లో లొకేషన్ పంపాడు. ఇరవై నెలలు నాకు దొరకని మనిషి. వెతకలేదు గనుక దొరకలేదు.

పోయిన శుక్రవారం జహ్రా వెళ్ళాను. యజమానిది పెద్ద ఇల్లు. గేటు బయట గౌస్ కారు కడుగుతున్నాడు. నన్ను చూసి పైపు ఆపేశాడు. సలాం చెప్పాడు గాని దగ్గరికి రాలేదు. ఆసియా బీతో మాట్లాడాలన్నాను. లోపలికి వెళ్ళి పిలుచుకొచ్చాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. సన్నబడింది.

"ఏం సార్ ఇంత దూరం? ఈ ఇంటామె, మా మామా, పండుకోనుండాది. పది నిమిషాలు, అంతే. లేస్తే నన్ను పిలుస్తాది."

దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. జేబులోంచి ముక్కుపుడక తీసి అరచేతిలో పెట్టి చూపించాను. ఆమె ముట్టుకోలేదు. వంగి చూసింది.

"యాడ దొరికింది?"

"గున్న సంచిలో."

"ఎవరు తుడిచినారు?"

"నేనే."

"గొట్టానికి గుడ్డ కట్టలేదా సార్?"

"లేదు."

"టక్కుమని ఉంటాది కదా."

"అంది. మాత్ర అనుకున్నాను."

ఆమె గేటు పక్క మెట్టు మీద కూర్చుంది. "మాత్ర అనుకున్నారా" అని తనలో తనే ఇంకోసారి అంది. నేను నిలబడే క్షమించమని అడిగాను. అంతకు ముందు ఎవరినైనా ఆ మాట అడిగానో లేదో నాకు జ్ఞాపకం లేదు. మీ అమ్మను అడిగి ఉండాల్సిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఆమె కొంగు తల మీదికి సర్దుకుంది. తరవాత అంది:

"మీరు దొంగా అనింటే నేను కొట్లాడుందును సార్. ఖురాన్ మీద చెయ్యి పెట్టుందును. మీరు అనలే. తాళంచెవి అడిగినారు. దానికి నేనేం జవాబు చెప్పల్ల?"

నేను ముక్కుపుడకను మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

"మీ బిల్డింగులో నాలుగిండ్లు చేస్తాంటి. నాలుగూ ఒక్క వారంలో వద్దనిరి. ఎందుకమ్మా అంటే చెప్పరు. ప్రసాద్ సార్ అంతటాయన మాన్పించినాడంటే ఏదో ఉంటాది అనుకున్నారంట. ఆ వెంకటేశ్వరమ్మ ఒక్కతే నోరు తెరిచి చెప్పింది."

పక్క ఫ్లాట్ వెంకటేశ్వరి గారు ఆసియా బీ రావడం లేదేమిటని నన్ను అడిగింది నిజమే. నేను తల అడ్డంగా ఊపి ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నాలుగు గుమ్మాలు ఎక్కి దిగిందని నాకు తెలియదు.

"వాళ్ళందరికీ చెబుతాను" అన్నాను.

"వాళ్ళు ఉండనీ సార్." గౌస్ వైపు చూపించింది. అతను కారు వెనక నిలబడి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు. "ముందు ఆయనకు చెప్పండి. నెలరోజులు అడిగినాడు నన్ను. 'అల్లా తోడు, తీసుకుంటే చెప్పేయ్, నేనే పోయి ఇచ్చొస్తా' అని. నమ్మలేదని కాదు. సార్ అట్లా చేసే మనిషి కాదు, కాబట్టి ఏదో అయ్యింటాదని ఆయన లెక్క. మీ మీద అంత నమ్మకం సార్ ఆయనకు."

ఆ చివరి మాట నాకు తగలవలసిన చోటే తగిలింది. గౌస్‌ను పిలిచాను. జరిగింది మొదటినుంచీ చెప్పాను. పొరపాటు నాదే అన్నాను. అతను తల వంచుకుని విన్నాడు. తడిగుడ్డ పిండుతూ, "అయిపోయిందిలే సార్, దాన్నేం మళ్ళీ" అన్నాడు.

"అయిపోలే," అంది ఆసియా బీ. "నువ్వు నెల దినాలు అడిగినావు. ఇప్పుడు ఇంకొక తూరి విను. సార్, మళ్ళా చెప్పండి."

మళ్ళీ చెప్పాను. ఈసారి అతను తల ఎత్తి విన్నాడు. అయ్యాక భార్య వైపు చూశాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు, నాక్కాదు, ఆమెకు. ఆమె తాగింది.

తరవాత ఆమె లోపలికి వెళ్ళింది. మామా లేచిందేమో, ఇక రాదేమో అనుకున్నాను. చిన్న పాలిథీన్ కవరు తీసుకుని వచ్చింది. అందులో మీ అమ్మ చున్నీ ముక్క. ఉతికి, నాలుగు మడతలు పెట్టి, పైన రబ్బరుబ్యాండు వేసి ఉంది.

"మీ ఇంట్లోంచి నేను తీసకపోయింది ఇదొకటే సార్. మురికి పట్టిందని ఉతికేదానికి తీసకపోయింటి. తెచ్చిచ్చేలోగా తాళంచెవి అడిగినారు."

నేను కవరు తీసుకున్నాను. కళ్ళజోడు తుడుచుకోవలసి వచ్చింది. గౌస్ కారు అద్దం వైపు తిరిగాడు. ఆసియా బీ మాత్రం నన్ను చూస్తూనే ఉంది. ఇరవై నెలలకు అది ఆమెకు రావలసినదే.

నీ సంగతి చెప్పాను, సహస్ర సంగతి చెప్పాను. ఫోన్లో ఫోటో చూపించాను. అప్పుడు మొదటిసారి నవ్వింది. "ముక్కు అమ్మదే. చూడండి, అమ్మ ముక్కే" అంది. వస్తావా అని అడిగాను. ఆ అడగడంలో ఏదో తప్పు ఉందని నోట్లోంచి వచ్చాక తెలిసింది.

"పనికి రాను సార్," అంది. "ఈడ నాకు బాగుండాది. పాపను చూసేదానికి వస్తా. శుక్రవారం గౌస్ తోలుకొస్తాడు. ప్రజ్ఞమ్మకు చెప్పండి. టీ నేనే పెడతా, మీ చేతి టీ నాకొద్దు. అమ్మకే మింగుడు పడేది కాదు."

ఆ సాయంత్రమే బిల్డింగులో నాలుగు తలుపులూ తట్టాను. వెంకటేశ్వరి గారు "అయ్యో అన్నయ్యగారూ, ఒంట్లో బాగుందా, లోపలికి రండి" అని కంగారు పడ్డారు. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టి ఏడేళ్ళయిందట. ఆసియా బీ ఏమీ తీయలేదని, నేను పొరబడ్డానని, అది చెప్పడానికే వచ్చానని అన్నాను.

"ఇప్పుడెందుకండీ, అంతా మర్చిపోయాం."

"ఆమె మర్చిపోలేదమ్మా."

ఆవిడ ముఖం చిన్నబోయింది. ఆసియా బీ నంబరు అడిగారు, ఇచ్చాను. అదే రోజు ఫోన్ చేశారని గౌస్ తరవాత చెప్పాడు. ఏం మాట్లాడుకున్నారో అడగలేదు. మూడో అంతస్తులో పాతవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళారట. కొత్తగా వచ్చిన మలయాళీ కుర్రజంటకు ఆసియా బీ ఎవరో, నేనెవరో తెలియదు. వెళ్ళాను గనుక వాళ్ళకు కూడా చెప్పాను. ఇంగ్లీషులో చెప్పాను. ఆ అబ్బాయి శ్రద్ధగా విని, "ఓకే అంకుల్" అని అరటికాయ చిప్స్ ప్లేటులో పెట్టి ఇచ్చాడు. తిన్నాను. బాగున్నాయి.

నీకు కోపం వస్తుందని తెలుసు. రావాలి కూడా. ఫోన్లో వద్దు, డిసెంబరులో ఎదురుగా కోప్పడు. నేను ఎక్కడికీ పోను. ఆసియా బీ నంబరు ఈ కాగితం వెనక రాశాను. ముందు ఆమెతో మాట్లాడు, తరవాత నాతో.

పాత సంచి ఏం చేశావని అడుగుతావు. రెండు రోజులు బల్ల మీదే ఉంది. ఏదైనా డబ్బాలో దాచాలా అని ఆలోచించాను. కానీ ఆ జుట్టు నా కంట పడకూడదని ఓపిక లేనప్పుడు కూడా కుర్చీలో కూర్చుని మరీ పీల్చింది ఆమె. ఆమె దాచినదాన్ని నేను దాచుకుని చూస్తూ కూర్చోవడం ఆమె మాట కాదనడమే. మూటకట్టి నేనే కిందికి తీసుకెళ్ళి పారేశాను. తేదీ ఉన్న అట్టమూతి ఒక్కటి ఉంచుకున్నాను. అంతవరకు నాకు హక్కుందనుకుంటాను.

ముక్కుపుడక మళ్ళీ దూదిలో చుట్టి అదే మాత్రల డబ్బాలో పెట్టాను. ఈసారి డబ్బా బీరువాలో ఉంది. నీ కోసం.

గున్నకు కొత్త సంచి వేశాను. "నవంబరు 8" అని దాని మూతి మీద రాశాను. ఎనిమిదికి తోక ఉండదు గనుక నా రాత పర్వాలేదు. మొదటిరోజు హాలు కార్పెట్, రెండోరోజు పరుపులు, నిన్న సోఫాల కింద. ఎర్ర దీపం వెలగలేదు. చప్పుడు కూడా మునుపటిలాగే ఉంది, పక్కగదిలో రేడియో వినిపిస్తోంది. ఫణితో చెప్పు, బియ్యప్పిండి చల్లి చూశాను, చార మిగల్లేదు.

ఇవాళ పొద్దున మంచం కింద మొదలుపెట్టేముందు చున్నీ గుడ్డ కట్టి రబ్బరుబ్యాండు వేశాను. రెండుసార్లు జారింది, మూడోసారి నిలిచింది. కాసేపటికి టక్కుమంది. ఆపాను. మోకాళ్ళ మీద వంగి గుడ్డ విప్పి చూశాను.

కందిపప్పు.

ఇట్లు,
నీ నాన్న, సహస్ర తాతయ్య,
ఆంజనేయప్రసాద్.